నాన్న సైకిలు మధ్యలో ఎందుకు ఆగింది?

చిరంజీవులు నానీకి, చిన్నీకి తాతయ్య దీవించి రాస్తున్నది.

మొన్న ఫోన్లో చిన్నీ అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. "నాన్నకి అంత పొట్ట ఉంది కదా తాతయ్యా! కొవ్వంటే ఒంట్లో దాచుకున్న శక్తి అని మా సైన్స్ మిస్ చెప్పింది. మరి అంత శక్తి దగ్గర పెట్టుకుని నాన్న సైకిలు తొక్కలేక రోడ్డు పక్కన ఎందుకు కూర్చుండిపోయాడు?" పక్కనుంచి మీ నాన్న నవ్వేశాడు గానీ, అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదమ్మా. పెద్ద పెద్ద డాక్టర్లు ఏళ్ల తరబడి కూర్చుని తేల్చుకున్న ప్రశ్న.

జరిగింది మీ నాన్ననే అడిగి తెలుసుకున్నాను. శనివారం రాత్రి అన్నం మానేసి ఒక పుల్కా, నాలుగు కీరదోస ముక్కలు తిన్నాడట. తెల్లవారుజామున చక్కెర లేని కాఫీ తాగి బయల్దేరాడు. మీ హైదరాబాదులో నార్సింగి నుంచి కొల్లూరు దాకా సోలార్ పలకల నీడలో సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023లో తెరిచారు, ఒకవైపు దాదాపు 14 కిలోమీటర్లు. రెండుసార్లు వెళ్లి రావాలని స్నేహితులతో అనుకున్నాడు. మొదటిసారి వెళ్లి రావడం పోటీపడి తొక్కారు. రెండోసారి సగం దారిలో కాళ్లు బరువెక్కాయి, చల్లటి చెమటలు పట్టాయి, కళ్లు తిరిగాయి, పక్కవాడు పలకరిస్తే చిరాకేసింది. దిగి కూర్చున్నాడు. ఎవరో పెద్దాయన ఇచ్చిన రెండు అరటిపళ్లు తిని నీళ్లు తాగాక, ఓ ఇరవై నిమిషాలకి లేచి మెల్లగా ఇల్లు చేరాడు.

ఆ రెండు అరటిపళ్లలో ఉన్న పిండిపదార్థం, చక్కెర అంతా కలిపితే 50 గ్రాములు. కిలోలకొద్దీ కొవ్వు చేయలేని పనిని 50 గ్రాములు చేశాయన్నమాట. ఎలాగో చెప్పాలంటే మిమ్మల్ని మా చిన్నప్పటి ఇంటికి తీసుకెళ్లాలి.

మా పెరట్లో గాదె ఉండేది. వెదురు తడికె అల్లి, మట్టీ పేడా కలిపి మెత్తి, పైన తాటాకు కప్పేవారు. సంక్రాంతికి పంట ఇంటికి రాగానే అందులో పోసేవారు. ఏడాదంతా మేం తినే తిండి అదే. అయితే గాదెలో ఉండేవి వడ్లు. బియ్యం ఉండేది వంటింట్లో, మూత పెట్టిన రేకు డబ్బాలో. మా అమ్మ రోజూ అందులోంచే సోలతో కొలిచి వండేది. డబ్బాలో బియ్యం తగ్గుతున్నాయనగానే మా నాన్న గాదెలోంచి వడ్లు తీసి, బస్తాకెత్తి, సైకిలు వెనక కట్టి నన్ను మిల్లుకి పంపేవాడు. మొదట్లో కాలవ గట్టు మీద నడిపించుకుంటూ వెళ్లేవాణ్ణి, సీటెక్కితే నా కాళ్లు అందేవి కావు. కాస్త పొడుగయ్యాక తొక్కుకుంటూనే వెళ్లాను. బయల్దేరే ముందు చద్దన్నంలో మజ్జిగ పోసి, ఉప్పు వేసి, ఉల్లిపాయ నంజుకోవడానికి ఇచ్చేది అమ్మ. అది తినకుండా గడప దాటనిచ్చేది కాదు.

మిల్లంటే నాకెంత ఇష్టమో! మర తిరుగుతుంటే కాళ్ల కింద నేల అదిరేది. గొట్టంలోంచి బియ్యం పడుతుంటే దోసిలి పట్టేవాణ్ణి. అప్పుడే ఆడిన బియ్యం వేడిగా ఉంటాయి, మీకు తెలుసా? చేతులకి తెల్లటి పొడి అంటుకుంటుంది. తవుడు గాల్లో లేచి కనుబొమ్మల మీద పేరుకునేది. ఇంటికొచ్చి మొహం కడుక్కుంటే నీళ్లు గోధుమరంగులో కారేవి.

ఒక వానాకాలం కరెంటు పోయి మిల్లు ఆగిపోయింది. ఇంట్లో డబ్బా నిండుకుంది. గాదెలో చూస్తే నా ఎత్తున వడ్లు! అయినా ఆ రాత్రి అమ్మ పక్కింటి పిన్నిగారి దగ్గర రెండు సోలల బియ్యం చేబదులు తెచ్చి వండింది. ఇంటినిండా పంట పెట్టుకుని చేబదులేమిటమ్మా అన్నాను. "వడ్లు ఎసట్లో పోస్తే అన్నమవుతుందా రా?" అంది.

చిన్నీ, మీ నాన్న పొట్టలో ఉన్నది గాదె. ఆయన ఒంట్లో నిండుకున్నది బియ్యం డబ్బా. ఆ పెద్దాయన ఇచ్చిన అరటిపళ్లు పక్కింటి చేబదులు.

డబ్బా ఎక్కడుంటుందో చెప్తాను. మనం తిన్న అన్నం, రొట్టె, పండు ఒంట్లో చక్కెరగా మారతాయి. అప్పటికప్పుడు ఖర్చు కానిదాన్ని ఒళ్లు గ్లైకోజెన్ అనే రూపంలో దాచుకుంటుంది. పెద్దవాళ్లలో కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలన్నిట్లో కలిపి సుమారు 400 గ్రాములు ఉంటుంది. అంతా కలిపితే 2,000 కేలరీలు. గాదె వైపు చూడండి, ఒక్క కిలో కొవ్వులోనే దాదాపు 7,700 కేలరీలు! సన్నగా ఉన్నవాళ్ల ఒంట్లో కూడా అలాంటి కిలోలు కొన్ని ఉంటాయి.

మెల్లగా తొక్కుతున్నంతసేపూ గాదె మీదే చాలావరకు గడిచిపోతుంది. కొవ్వుని శక్తిగా మార్చే మిల్లు తీరిగ్గా ఆడుతుంటుంది, డబ్బా తొందరగా తగ్గదు. పక్కవాడితో మాట్లాడుకుంటూ తొక్కగలిగితే, అది మిల్లు అందుకోగలిగిన వేగం. రొప్పుతూ తొక్కారనుకోండి, కాళ్లు అడిగినంత వేగంగా మిల్లు ఆడలేదు. కొవ్వుని వాడుకోవడానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, వ్యవధీ కావాలి. అప్పుడిక ఒళ్లు డబ్బాలోంచే తీస్తుంది. గట్టిగా తొక్కితే గంటన్నర, రెండు గంటల్లో డబ్బా అడుగు కనిపిస్తుంది. మా గాదెకీ ఒంటి గాదెకీ ఒక్క తేడా ఉంది, పెద్ద క్లాసుకి వెళ్లాక ఎలాగూ చదువుతారు: కొవ్వు చక్కెరగా మారి డబ్బాలోకి రాదు, కొవ్వుగానే కండరాల్లో ఖర్చవుతుంది.

మరి కళ్లెందుకు తిరిగాయి, చిరాకెందుకు వచ్చింది? కాళ్లకీ కళ్లకీ సంబంధమేమిటి? కాలేయంలో ఉన్నది ఇంటిల్లిపాదికీ పెట్టే వంటింటి డబ్బా. అందులోంచే రక్తంలోకి చక్కెర వెళ్తుంది, మెదడు దాని మీదే బతుకుతుంది. రాత్రి మనం నిద్రపోయినా మెదడు తిండి మానదు, అందుకే తెల్లారేసరికి కాలేయం చాలావరకు ఖాళీ అయి ఉంటుంది. కండరంలో ఉన్నది మాత్రం ఎవరి కంచంలో వాళ్లకి వడ్డించిన అన్నం. ఒకసారి కంచంలో పడ్డాక ఇంకొకరికి పెట్టడానికి లేదు, ఎంగిలి. చేతుల్లో ఎంత గ్లైకోజెన్ ఉన్నా కాళ్లకి రాదు. కుడికాలిది ఎడమకాలికి కూడా రాదు!

ఇది ఎలా తేలిందో విన్నారంటే మీరు ఆశ్చర్యపోతారు. 1966లో స్వీడన్‌లో యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హల్ట్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు ఒకే సైకిలుకి చెరోవైపు కూర్చున్నారు. ఒకాయన కుడికాలితో, ఇంకొకాయన ఎడమకాలితో తొక్కారు. రెండో కాలికి పని చెప్పలేదు. తొక్కి తొక్కి ఇక కదపలేమన్నాక, సూదితో తమ తొడల్లోంచి రవ్వంత కండ తీసి పరీక్షించుకున్నారు. పనిచేసిన కాలు ఖాళీ, ఊరికే ఉన్న కాలు నిండుగా ఉంది. తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు బాగా తిని మళ్లీ చూసుకుంటే, పనిచేసిన కాల్లో గ్లైకోజెన్ రెండో కాల్లో ఉన్నదానికి రెట్టింపు ఉంది! ఖాళీ చేసిన డబ్బాని ఒళ్లు మునుపటికంటే ఎక్కువగా నింపుకుంటుందన్నమాట. సూది తమ కాళ్లలోనే గుచ్చుకుని తెలుసుకున్నారు చూడండి, అలాంటివాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

నానీ, ఇప్పుడు నీ సంగతి. సైకిలు తొక్కడానికి ఎనర్జీ జెల్ ప్యాకెట్లు కొనమని నాన్నని అడుగుతున్నావట. పందేల్లో తొక్కేవాళ్లకి అవి పనికొస్తాయి, వాళ్లకి నమిలే తీరికుండదు. ఒక ప్యాకెట్‌లో సాధారణంగా ఉండేది 20, 25 గ్రాముల పిండిపదార్థం, ఒక మంచి అరటిపండులో ఉన్నంత. నువ్వు పార్కు చుట్టూ అరగంట, ముప్పావుగంట తొక్కడానికి ఆ ప్యాకెట్టూ వద్దు, అరటిపండూ వద్దు, నీళ్లు చాలు. ఆడుకుని వచ్చి 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ తాగితే 30 గ్రాములకు పైగా చక్కెర లోపలికి పోతుంది. తొక్కింది అరగంట, తాగింది గంటకి సరిపడా. డబ్బా నిండాక ఆ మిగిలిందంతా గాదెలోకే!

గంట దాటి తొక్కేటప్పుడే తిండి గురించి ఆలోచించాలి. ఆ తిండి ముందురోజు రాత్రే మొదలవుతుంది. ఈ మధ్య అన్నాన్ని శత్రువులా చూడటం ఎక్కువైంది, అది నాకు బాధగా ఉంటుంది. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లు రెండు ముద్దలు తగ్గించుకుంటే తప్పులేదు. పొద్దున్నే 50 కిలోమీటర్లు తొక్కబోయేవాడు రాత్రి అన్నం మానేస్తే మాత్రం, మిల్లు మూతపడిన రోజున డబ్బా బోర్లించినట్టే. మీ నాన్నకి నా మాటగా చెప్పండి: రాత్రి పప్పన్నం, పెరుగన్నం తిని పడుకోవాలి. పొద్దున బయల్దేరే గంట ముందు రెండు ఇడ్లీలో, అరటిపండో తినాలి. పూరీ, గారె వద్దు, నూనె తిండి కడుపులోంచి త్వరగా కదలదు, తొక్కుతుంటే బరువుగా ఉంటుంది.

దారిలో ఆకలేసేదాకా ఆగకూడదు. పక్కింటికి చేబదులుకి వెళ్లాల్సింది డబ్బా అడుగంటాక కాదు, నాలుగు గుప్పెళ్లు ఉండగానే. పెద్దవాళ్లకి గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలంటారు. అరటిపండు, పల్లీ చిక్కీ, ఖర్జూరాలు, ఉడికించిన చిలగడదుంప, ఏదైనా సరే, అరగంటకోసారి కొంచెం కొంచెం. మీరైతే లెక్కలు పెట్టుకోకండి, అరగంటకి సగం అరటిపండు చాలు. రావులపాలెం మార్కెట్ నుంచి వచ్చే చక్కెరకేళి గెల దొరికితే ఇంకేం కావాలి! ఇంటికొచ్చాక మామూలు భోజనమే చేయండి. పక్కన గుడ్డో పెసరట్టో పెరుగో ఉంటే అలిసిన కండ బాగుపడుతుంది. సన్నబడాలని మీరు మాత్రం తిండి తగ్గించకూడదు, మీరింకా ఎదిగే పిల్లలు.

నీళ్ల సంగతి వేరు. మీ నాన్న వేసుకెళ్లిన నల్ల టీషర్టు ఆరాక వీపు దగ్గర చూడండి. చెరువు ఎండినప్పుడు ఒడ్డున మిగిలే గీతల్లాగా తెల్లటి గీతలుంటాయి. వేలితో గీకితే పొడి రాలుతుంది. అది ఉప్పు. గంటలోపు తొక్కితే మంచినీళ్లు చాలు. ఎండలో రెండు మూడు గంటలు తొక్కితే నీళ్లతో పాటు ఉప్పూ పోతుంది కాబట్టి, ఉప్పేసిన మజ్జిగో, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లో తాగాలి. దాహం తీరాక కూడా బలవంతంగా లీటర్లు లీటర్లు ఉత్త నీళ్లు తాగడం మంచిది కాదు, రక్తంలో ఉప్పు పలచబడుతుంది.

ఉప్పూ చక్కెరా కలిసి చేసే పని చిన్నది కాదు. పేగుల్లో చక్కెర, ఉప్పు జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీళ్లు వెళ్తాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల్లో కలరా వ్యాపించింది. పశ్చిమ బెంగాల్లోని బనగావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పోసి తాగించమన్నాడు. నూటికి ముప్పైమంది దాకా చనిపోతున్నచోట అది నలుగురికంటే తగ్గింది. లీటరు మంచినీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలవాలి. కొలత తప్పకూడదు. అమ్మని అడిగి ఇద్దరూ ఒకసారి కలిపి చూడండి.

చివరగా ఒక వింత. 2004లో ఇంగ్లండ్‌లో కొందరు శాస్త్రవేత్తలు సైకిలు తొక్కేవాళ్లకి పిండిపదార్థం కలిపిన నీళ్లిచ్చి, మింగకుండా పుక్కిలించి ఉమ్మేయమన్నారు. ఒక్క చుక్క కడుపులోకి పోలేదు. అయినా గంటసేపటి పరీక్షలో వాళ్లు ఉత్త నీళ్లు పుక్కిలించినప్పటికంటే దాదాపు మూడు శాతం వేగంగా పూర్తిచేశారు! ఆ నీళ్లు తియ్యగా కూడా ఉండవు. నోటికి తిండి తగిలిందని మెదడుకి కబురు అందింది, అంతే, కాళ్లకి ఓపిక వచ్చింది. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. దాన్ని ఇంకా విడమరిచి చెప్పను. మీ నోళ్లలోనే ఒక పని జరుగుతోంది, అది చూడండి.

రేపు భోజనానికి కూర్చున్నప్పుడు మొదటి ముద్ద ఉత్త అన్నం తీసుకోండి. కూర వద్దు, ఉప్పు వద్దు, నెయ్యి వద్దు. మింగకుండా మెల్లగా నములుతూ లెక్కపెట్టండి. ఎన్నో నములుకి తీపి తగిలిందో కాగితం మీద రాయండి. నానీకి ముందు తెలిసిందా, చిన్నీకా? అమ్మ చేత, నాన్న చేత కూడా చేయించి నలుగురి లెక్కలూ నాకు పంపండి. ఇక్కడ నానమ్మ, నేను మావి రాసి పెట్టుకుంటాం.

మీ
తాతయ్య