సెల్‌ఫోన్ బ్యాటరీ నుంచి తిరుమల బస్సు దాకా: బీవైడీ వచ్చిన దారి

చైనా కార్ల కంపెనీ బీవైడీ హైదరాబాద్ దగ్గర ఫ్యాక్టరీ పెట్టబోతోందని 2025 మార్చిలో ఒక వార్త గట్టిగానే చక్కర్లు కొట్టింది. కొద్ది రోజులకే అది నిజం కాదని కంపెనీ చెప్పేసింది. ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ కూడా ప్రస్తుతానికి బీవైడీకి తలుపులు తెరవడం లేదని తేల్చేశారు. కానీ అప్పటికి రెండున్నరేళ్లుగా తిరుమల ఘాట్ రోడ్డు మీద చప్పుడు లేకుండా ఎక్కి దిగుతున్న ఎలక్ట్రిక్ బస్సుల్లో ఉన్నది అదే కంపెనీ టెక్నాలజీ. బస్సుకు సరే అన్నవాళ్లు కారుకు వద్దంటున్నారేమిటి? ఈ తిరకాసు అర్థం కావాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

వాంగ్ చువాన్‌ఫు 1966లో అన్‌హుయ్ రాష్ట్రంలో ఒక రైతు ఇంట్లో పుట్టాడు. చిన్న వయసులోనే తల్లిదండ్రులు పోతే అన్నయ్యే పెంచి చదివించాడు. బ్యాటరీల రసాయన శాస్త్రం చదువుకుని, బీజింగ్‌లో ప్రభుత్వ పరిశోధన సంస్థలో పనిచేశాడు. తర్వాత ఆ ఉద్యోగం వదిలి, వరసకు సోదరుడైన లూ షియాంగ్‌యాంగ్ దగ్గర 25 లక్షల యువాన్లు తీసుకుని 1995లో షెన్‌జెన్‌లో కంపెనీ పెట్టాడు. అప్పుడు అక్కడ పనిచేసేవాళ్లు ఇరవై మంది. బీవైడీ అంటే ‘బిల్డ్ యువర్ డ్రీమ్స్’ అని ఇప్పుడు ప్రచారం చేస్తారు గానీ, ఆ అర్థం తర్వాత అతికించిందే. అసలు పేరు బియాది, అంతే.

అప్పట్లో రీచార్జి బ్యాటరీలంటే జపాన్‌వాళ్లవే. సోనీ, సాన్యో కంపెనీల్లో మొత్తం యంత్రాలతోనే పని నడిచేది. ఆ యంత్రాలు కొనే డబ్బు వాంగ్ దగ్గర లేదు. ఆయన ఉత్పత్తి లైన్‌ను చిన్న చిన్న పనులుగా విడగొట్టాడు. ఒక్కో పనికి సొంతంగా ఒక పరికరం తయారు చేయించి, దాని ముందు ఒక మనిషిని కూర్చోబెట్టాడు. యంత్రం చేసేది చేత్తో చేయించాడన్నమాట. చైనాలో అప్పటి కూలీ రేట్లకు ఇది ఎంత చవకగా పడిందంటే, 2000లో మోటరోలా, 2002లో నోకియా కొనుగోలుదారులయ్యాయి. సాన్యో, సోనీ పేటెంట్ కేసులు వేసినా ఆపలేకపోయాయి. పాతికేళ్ల కిందట తెలుగువాళ్ల జేబుల్లో తిరిగిన నోకియా ఫోన్లలో కొన్నింటికైనా ఈ బ్యాటరీలే ఉండి ఉంటాయి.

2002లో హాంకాంగ్ స్టాక్ మార్కెట్‌కి వెళ్లి డబ్బు తెచ్చుకున్న వాంగ్, 2003 జనవరిలో షియాన్ నగరంలోని చిన్‌చువాన్ అనే ప్రభుత్వ కార్ల కంపెనీలో మెజారిటీ వాటా కొన్నాడు. బ్యాటరీలవాడికి కార్లెందుకని మదుపరులు బెదిరిపోయారు, షేరు ధర దబ్బున పడింది. 2005లో వచ్చిన ఎఫ్3 కారు చూడ్డానికి టొయోటా కరోలాకు జిరాక్స్ కాపీలా ఉండేది. కాపీ అని ఎగతాళి చేసినవాళ్లు చేస్తూనే ఉన్నారు, ధర చూసి కొన్నవాళ్లు కొంటూనే ఉన్నారు. ఆ డబ్బుతోనే 2008 చివర్లో ఎఫ్3డీఎం వచ్చింది. పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఇది. ప్లగ్గు పెట్టి చార్జి చేసుకునే హైబ్రిడ్ కారును ప్రపంచంలో మొదట పెద్ద ఎత్తున తయారు చేసి అమ్మింది టొయోటా కాదు, బీవైడీ.

అదే ఏడాది సెప్టెంబర్‌లో, అమెరికా బ్యాంకులు కుప్పకూలుతున్న రోజుల్లో, వారెన్ బఫెట్ కంపెనీ 23 కోట్ల డాలర్లు పెట్టి ఇందులో దాదాపు పది శాతం వాటా కొన్నది. పట్టుబట్టి కొనిపించింది ఆయన భాగస్వామి చార్లీ మంగర్. అయినా తర్వాతి పదేళ్లు సాఫీగా సాగలేదు. 2011లో ఒక టీవీ ఇంటర్వ్యూలో బీవైడీ గురించి అడిగితే ఇలాన్ మస్క్ పకపకా నవ్వి, వాళ్ల కారు చూశారా అని ఎదురు ప్రశ్న వేశాడు. ఆ క్లిప్ ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. నిజం చెప్పాలంటే అప్పటి బీవైడీ కార్లకు ఆ నవ్వు మరీ అన్యాయమేమీ కాదు.

ఈ గడ్డుకాలంలో కంపెనీని నిలబెట్టిన వాటిలో ముఖ్యమైనవి ప్రభుత్వ ఆర్డర్లు, సబ్సిడీలు. చైనా 2009 నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రాయితీలు మొదలుపెట్టింది, 2022 చివరి దాకా ఏదో ఒక రూపంలో ఇచ్చింది. షెన్‌జెన్ నగరం తన సిటీ బస్సులన్నిటినీ, దాదాపు 16 వేలు, 2017 చివరికల్లా ఎలక్ట్రిక్ చేసింది. వాటిలో ఎక్కువ బీవైడీవే. సొంత ఊరే పెద్ద ప్రయోగశాల అయింది. ఇదంతా సర్కారు సొమ్ముతో పెరిగిన కంపెనీ అని యూరప్ అనడం పూర్తిగా తప్పు కాదు. అయితే అదే రాయితీలు అందుకున్న చైనా కంపెనీలు చాలానే మూతపడ్డాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అసలు మలుపు 2020 మార్చిలో వచ్చిన బ్లేడ్ బ్యాటరీ. ఇందులో వాడిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే రసాయనంలో నికెల్, కోబాల్ట్ ఉండవు కాబట్టి చవక, నిప్పంటుకునే భయం తక్కువ. లోపమల్లా బరువుకు తగ్గ శక్తి ఇవ్వకపోవడం. బీవైడీ ఇంజినీర్లు బ్యాటరీలోని ఒక్కో సెల్‌ను మీటరుకు కాస్త తక్కువ పొడవున్న పలచటి పట్టీలా చేసి, మధ్యలో విడి పెట్టెలు లేకుండా వరసగా పేర్చారు. దాంతో అదే చోటులో ఎక్కువ సెల్స్ పట్టాయి, పట్టీలే పెట్టెకు బలాన్నీ ఇచ్చాయి. మేకు దిగ్గొట్టినా మంట రాలేదని వీడియో తీసి చూపించారు. చిప్పుల కొరత వచ్చి పెద్ద పెద్ద కార్ల కంపెనీలు లైన్లు ఆపుకున్నప్పుడు, సొంతంగా చిప్పులు చేసుకునే బీవైడీకి దెబ్బ తక్కువ తగిలింది. 2022 మార్చిలో కేవలం పెట్రోలుతో నడిచే కార్లు చేయడమే మానేసింది. 2022లో 18.6 లక్షలున్న అమ్మకాలు 2024లో 42.7 లక్షలయ్యాయి. అందులో సగానికి పైగా పూర్తి ఎలక్ట్రిక్ కావు, ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లు. 2023 చివరి మూడు నెలల్లో పూర్తి ఎలక్ట్రిక్ కార్ల లెక్కలో కూడా టెస్లాను దాటేసింది. మస్క్ నవ్వి అప్పటికి పన్నెండేళ్లు.

ఇంట్లో ఇంత పెరిగాక బయటికి వెళ్లక తప్పలేదు. చైనాలో ధరల యుద్ధం అలాంటిది. 2025 మేలో బీవైడీ ఒకేసారి 22 మోడళ్ల రేట్లు తగ్గించింది, కొన్నింటికి 34 శాతం దాకా. ఆ భారం చివరికి పడేది విడిభాగాలు సరఫరా చేసే చిన్న కంపెనీల మీద. వాళ్లకు డబ్బులు నెలల తరబడి అరువు పెట్టడం చైనా కార్ల కంపెనీల్లో మామూలైపోయింది. ప్రభుత్వం కళ్లెర్రజేశాక 60 రోజుల్లో చెల్లిస్తామని 2025 జూన్‌లో బీవైడీతో సహా చాలా కంపెనీలు మాటిచ్చాయి.

కార్లు మోయడానికి మామూలు ఓడలు చాలక 2024 జనవరిలో తన పేరుతోనే ఒక ఓడ దింపింది, ఒక్కదాంట్లో 7 వేల కార్లు పడతాయి. అదే ఏడాది జులైలో థాయిలాండ్‌లోని రయోంగ్‌లో ఫ్యాక్టరీ తెరిచింది. అమెరికా నూరు శాతం సుంకంతో దారి మూసేసింది. యూరప్ 2024 అక్టోబర్‌లో మామూలు 10 శాతం మీద ఇంకో 17 శాతం వేస్తే, ముందే అనుకున్న హంగరీలోని సెగెద్ ఫ్యాక్టరీ మరింత అవసరమైంది. బ్రెజిల్‌లో ఫోర్డ్ వదిలిపోయిన కమసారి స్థలాన్ని తీసుకుంది. ఆ నిర్మాణ స్థలంలోనే 2024 డిసెంబర్‌లో 163 మంది చైనా కూలీలను బానిసల్లాంటి పరిస్థితుల్లో పనిచేయిస్తున్నారని అక్కడి అధికారులు బయటపెట్టారు. పరుపుల్లేని మంచాలు, 31 మందికి ఒకటే బాత్‌రూమ్. ఆ కాంట్రాక్టరును తప్పించామని బీవైడీ చెప్పింది గానీ, మచ్చ మాత్రం మిగిలింది. చవకగా, తొందరగా కట్టేయాలన్న ఆరాటమే ఈ కంపెనీ బలం, బ్రెజిల్‌లో అదే దాని పరువు తీసింది.

మన దేశంతో సంబంధం ఇంకా పాతది. 2007లోనే చెన్నై పక్కన శ్రీపెరుంబుదూర్‌లో ఫోన్ విడిభాగాలతో మొదలైంది. హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ ఇన్‌ఫ్రాటెక్ బీవైడీ టెక్నాలజీతో తెచ్చిన ఎలక్ట్రిక్ బస్సులు 2017లో హిమాచల్‌లో రోహ్‌తాంగ్ దారిన నడిచాయి. 2018లో ఆ కంపెనీ పేరు ఓలెక్ట్రాగా మారింది, తర్వాత మేఘా ఇంజినీరింగ్ చేతికి వచ్చింది. 2019లో హైదరాబాద్ ఎయిర్‌పోర్టు పుష్పక్ బస్సులు, 2022లో తిరుమల బస్సులు ఓలెక్ట్రావే.

సరిహద్దు పంచుకునే దేశాల పెట్టుబడులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అని కేంద్రం 2020 ఏప్రిల్‌లో నిబంధన తెచ్చింది. రెండు నెలలకే గల్వాన్ ఘర్షణ. 2023లో మేఘాతో కలిసి వంద కోట్ల డాలర్లతో కార్లు, బ్యాటరీల ఫ్యాక్టరీ పెడతామన్న ప్రతిపాదనకు ఢిల్లీ ఒప్పుకోలేదు. ఇక్కడ పూర్తి తయారీ లేక బయటి నుంచి తెప్పించే బీవైడీ కార్ల ధర ఎక్కువే. అటో 3ని 2022లో దాదాపు 34 లక్షలకు తెచ్చారు, చైనాలో రేటుకు సుమారు రెట్టింపు.

గేటుకు అవతలి వైపు గడియ కూడా ఒకటుంది, మన చర్చల్లో అది పెద్దగా రాదు. కార్లను బయట బిగించుకోండి గానీ అసలు టెక్నాలజీని ఇంట్లోనే ఉంచండని చైనా ప్రభుత్వం తన కంపెనీలకు చెబుతున్నట్టు 2024లో వార్తలొచ్చాయి. 2025 జులైలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల పదార్థం తయారుచేసే టెక్నాలజీని విదేశాలకు ఇవ్వాలంటే లైసెన్సు ఉండాలని ఏకంగా నిబంధనే పెట్టింది. బ్లేడ్ బ్యాటరీకి ఆధారం ఆ పదార్థమే. రేపు ఢిల్లీ సరేనని బీవైడీ హైదరాబాద్ శివార్లకు వచ్చినా, బస్సు బాడీ ఇక్కడ కట్టి బ్యాటరీ అక్కడి నుంచి తెచ్చుకుంటున్న పద్ధతే కార్లకూ వస్తుందా, లేక సెల్ తయారీ కూడా వస్తుందా అన్నది బీజింగ్ చేతిలో ఉంది.