సీటొచ్చింది సరే, గది ఇంకా రాలేదు

జూలై, ఆగస్టు నెలల్లో హైదరాబాద్‌లో యూనివర్సిటీ హాస్టల్ ఆఫీసు ముందు రోజూ కనబడేది ఇదే. తెల్లారి ఏడింటికే ఆటో దిగిన అమ్మానాన్న, పక్కన ట్రంకుపెట్టె, చుట్టి కట్టిన పరుపు, బకెట్టు, ఆవకాయ సీసాలు. "మా అమ్మాయికి సీటొచ్చిందండీ, రూం తాళం ఇప్పించండి" అంటారు. తాళం చేతికి రావడానికి ఇంకా చాలా పని ఉందనేసరికి మొహాలు వాడిపోతాయి. వాళ్లను తప్పుపట్టలేం. ఎవరో చెప్పారు, నమ్మి బయల్దేరారు. తప్పుడు మాట చెప్పినవాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: సీటు అలాట్‌మెంట్ లెటర్ ఉంటే హాస్టల్ గది ఉన్నట్టే.

కానేకాదు. సీటు ఇచ్చేది అడ్మిషన్ల సెక్షన్, గది ఇచ్చేది హాస్టల్ ఆఫీసు. యూనివర్సిటీని బట్టి చిన్న తేడాలున్నా వరస మాత్రం ఇదే: డిపార్ట్‌మెంట్‌లో ఒరిజినల్స్ చూస్తారు, ఫీజు కట్టాలి, అడ్మిషన్ నంబరు వస్తుంది, దాంతో హాస్టల్‌కు దరఖాస్తు పెట్టాలి, జాబితాలో పేరు రావాలి, మెస్ డిపాజిట్ కట్టాలి. ఆ తర్వాతే తాళం. కొన్నిచోట్ల ఇదంతా ఒక్క పూటలో తేలిపోతుంది. కొన్నిచోట్ల జాబితాకే వారం, పది రోజులు పడుతుంది. నగరంలో ఇల్లున్న పిల్లలకు చాలాచోట్ల చివరి వరసే.

ఎక్కడ ఆగిపోతుందో ముందే తెలిస్తే సగం బాధ తప్పుతుంది. ఫీజు కట్టేటప్పుడు ఓటీపీ ఊళ్లో ఉన్న నాన్న ఫోన్‌కు వెళ్తుంది, ఆయన పొలంలో ఉంటారు. నెట్ బ్యాంకింగ్‌లో కొత్త ఖాతా చేరిస్తే మొదటి రోజు పెద్ద మొత్తం పంపనివ్వని బ్యాంకులున్నాయి కాబట్టి ఆ పని రెండు రోజుల ముందే చేయండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటే కౌంటర్ దగ్గర ప్రశ్న తప్పదు. టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్ పాత కాలేజీ నుంచి రాకపోతే ఎప్పటికి ఇస్తారో రాయించుకుని రండి. సెంట్రల్ యూనివర్సిటీలో ఓబీసీ కింద చేరేవాళ్లు రాష్ట్రం ఇచ్చిన మామూలు కుల ధ్రువపత్రంతో వచ్చేస్తారు. అక్కడ అడిగేది కేంద్రం నమూనాలో ఉన్న నాన్ క్రీమీలేయర్ పత్రం, అంటే ఓబీసీల్లో సంపన్న శ్రేణి కాదని చెప్పేది. అదీ, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) పత్రమూ సాధారణంగా ఈ ఆర్థిక సంవత్సరానివే ఉండాలి.

అందుకే రెండు విడతలుగా రండి: ముందు కాగితాల పనికి, గది వచ్చాక సామానుతో. మొదటి విడతలో విద్యార్థి, తోడు ఒక పెద్దమనిషి చాలు. భుజానికి సర్టిఫికెట్ల సంచి, రెండేసి జిరాక్సు సెట్లు, పది ఫొటోలు, మూడు రోజుల బట్టలు, ఒక దుప్పటి, మంచి తాళం కప్ప. ఆవకాయ, సర్టిఫికెట్లు ఒకే బ్యాగులో పెట్టొద్దు. బస్సు కుదుపుకు మూత వదులైతే నూనె ముందు మెమోల మీదికే పోతుంది. రైలెక్కే ముందే ఆఫీసుకు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: హాస్టల్ జాబితా పడిందా, అప్పటిదాకా ఉండటానికి తాత్కాలిక వసతి ఉందా, కౌంటర్ ఎన్నింటిదాకా? వసతి లేదంటే పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్‌లో) రోజు లెక్కన ఉండండి. నెల అడ్వాన్సు అడిగితే ఇంకోచోటు చూడండి, కట్టాక వెనక్కి రాబట్టడం కష్టం. స్టేషన్ క్లోక్ రూంలో సామాను పెట్టాలంటే టికెట్టు ఉండాలి, బ్యాగుకు తాళం వేసుండాలి. పెద్దవాళ్లకు తిరుగు టికెట్టు అదే రాత్రికి తీయొద్దు. కనీసం రెండో రోజుకు తీయండి.

పరుపు, బకెట్టు, మగ్గు ఇంటి నుంచి మోయకండి. మంచం చూశాక, కొలత తీసుకుని ఇక్కడే కొనండి. రెండున్నర అడుగుల మంచం మీద మూడడుగుల పరుపు కుదరదు.

అపోహ: ఆషాఢంలో చేరకూడదు, మంచిరోజు దాకా ఆగుదాం.

మీ నమ్మకాన్ని కాదనడం లేదు. కానీ రిపోర్టింగ్ గడువు పంచాంగం చూసి పెట్టింది కాదు. ఆఖరి రోజు సాయంత్రం వచ్చి సర్వర్ మొరాయిస్తే సీటే పోవచ్చు, హాస్టల్ మొదటి జాబితా ఎలాగూ దాటిపోతుంది. గడువులోపు వచ్చి పేరు నమోదు చేయించండి, ఫీజు కట్టండి, తాళం తీసుకోండి. గదిలోకి సామాను మంచిరోజున చేర్చండి. ఒక్క జాగ్రత్త, ఆషాఢంలోనే వచ్చే బోనాల ఆదివారాల్లో సికింద్రాబాద్, లాల్‌దర్వాజా వైపు దారులు మళ్లిస్తారు. సామానుతో ఆ పూట అటు రాకండి.

అపోహ: హైదరాబాద్ రైలే కదా, ఎక్కడ దిగితే ఏం?

2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక చాలా రైళ్లు అటు మారాయి. సికింద్రాబాద్‌లో బంధువులు ఎదురుచూస్తుంటే పిల్లాడు చర్లపల్లిలో దిగుతున్నాడు. టికెట్టు మీద స్టేషన్ పేరు చదవండి. గచ్చిబౌలి వైపు ఉన్న సెంట్రల్ యూనివర్సిటీకి, ఉర్దూ యూనివర్సిటీకి, ట్రిపుల్ ఐటీకి లింగంపల్లి దగ్గర. ఉస్మానియా, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) వాళ్లకు సికింద్రాబాద్, కాచిగూడ. శామీర్‌పేట వైపు నల్సార్ లా యూనివర్సిటీ, బిట్స్ వాళ్లకు సికింద్రాబాద్ స్టేషన్ లేదా జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్). ఐఐటీ హైదరాబాద్ ఉన్నది సంగారెడ్డి జిల్లా కందిలో, నగరంలో దిగి ఆటో మాట్లాడుకునే దూరం కాదు. విజయవాడ నుంచి బస్సైతే ఎంజీబీఎస్‌లోనే (మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోనే) ఆగిపోతుందా, మియాపూర్ దాకా వెళ్తుందా అడిగి ఎక్కండి.

ఇక చిన్నవి. మెట్రోలో సామాను సైజుకు హద్దుంది, ట్రంకుపెట్టెతో వెళ్తే స్కానర్ దగ్గరే ఆపేస్తారు. తెలంగాణ ఆర్టీసీలో ఉచిత ప్రయాణం తెలంగాణ చిరునామా గుర్తింపు కార్డు ఉన్న మహిళలకే, ఆంధ్ర ఆధార్‌తో వచ్చిన అమ్మాయి టికెట్టు తీయాల్సిందే. "హీటర్ ఒక్కటే కదా" అనకండి. గదిలో ఉండేది 6 ఆంపియర్ల ప్లగ్గు, 1500 వాట్ల కాయిల్ దాన్ని దాటేస్తుంది, వైరు వేడెక్కుతుంది.

ర్యాగింగ్ భయంతో నిద్రపోని తల్లులు చాలామంది. ఆ భయం అర్థమవుతుంది. యూజీసీ యాంటీ ర్యాగింగ్ అండర్‌టేకింగ్ (హామీపత్రం) ఆన్‌లైన్‌లో ఉచితంగా నింపి, నింపాక వచ్చే నంబరు రాసి పెట్టుకోండి. హెల్ప్‌లైన్ 1800-180-5522. పిల్లల ఫోన్‌లోనూ, మీ ఫోన్‌లోనూ సేవ్ చేసి పంపండి.