పాత దేవిడీలు, వాటి తోటలు: నేను రోజూ వినే అపోహలు, చూసిన వాస్తవాలు

హైదరాబాద్‌లో పాత దేవిడీలకు, అంటే ఒకప్పటి నవాబులు, జాగీర్దార్ల పెద్ద భవంతులకు, మరమ్మతులు చేయించడం నా పని. ఎక్కడికి వెళ్లినా ఈ మాటలే ఎదురవుతాయి.

అపోహ: పెచ్చులు ఊడుతున్నాయంటే ఇక కూల్చాల్సిందే.

వాస్తవం: ముందు నీళ్లు ఎటు నుంచి దిగుతున్నాయో చూడాలి. పూడిపోయిన తూము, డాబా మీద పగులు, పిట్టగోడలో మొలిచిన రావి మొక్క... చాలాచోట్ల జబ్బు అక్కడే మొదలవుతుంది. గట్టిపడుతుందని పూసిన సిమెంటు దాన్ని ముదరబెడుతుంది. డంగు సున్నంతో (గానుగలో నూరిన సున్నంతో) కట్టిన గోడ తడిని పీల్చుకుని మళ్లీ బయటికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ తడికి దారి ఉండదు. గోడ ఉప్పు పొంగుతుంది, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. అప్పుడొచ్చి చూసినవాళ్లు ‘శిథిలం’ అని రాసి వెళ్లిపోతారు. ఆ సిమెంటు చెక్కేసి, గోడను ఆరనిచ్చి, మళ్లీ సున్నమే పూస్తే కోలుకునే గోడలు ఎన్నో. తొందర మాత్రం పనికిరాదు. సున్నం మాగాలి, పూతను తడుపుతూ ఉండాలి.

అపోహ: భవనం మిగిలితే చాలు, తోట అమ్ముకోవచ్చు.

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట ఇది. నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంట్)గా ఉన్న కిర్క్‌పాట్రిక్ కోఠీలో కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీనే తీసుకోండి. భార్య ఖైరున్నీసా కోసం చేయించాడని చెప్పుకునే ఆ భవనపు చిన్న నమూనా ఉన్నది తోటలోనే. తోట పోతే ఆ కథకు చోటే ఉండదు. పైగా తోట మట్టి వాన నీటిని తాగుతుంది. టైల్స్ పరిస్తే ఆ నీళ్లు గోడల మొదళ్లకు చేరతాయి. పక్కనే సెల్లార్ తవ్వితే పాత పునాది కింది మట్టి సడలుతుంది.

అపోహ: వారసత్వ కట్టడాల జాబితాలో పేరుంటే భయం లేదు.

వాస్తవం: ఆ జాబితాలకు ఆధారమైన, హైదరాబాద్ పట్టణాభివృద్ధి నిబంధనల్లోని పదమూడో నిబంధననే 2015లో తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. అంటే జాబితా వెనకున్న నిబంధనే మారిపోవచ్చు.

అపోహ: ప్రభుత్వమే కూల్చాలనుకుంటే ఆపలేం.

వాస్తవం: ఎర్రమంజిల్ ఆగింది. నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఆ మహల్ స్థానంలో కొత్త శాసనసభ కట్టాలని 2019 జూన్‌లో మంత్రివర్గం నిర్ణయించింది. కొందరు కోర్టుకు వెళ్లారు. సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది.

అందుకే కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి. గది గదికీ ఫొటోలు తీయండి, కొలతలు వేయించండి, చెట్లను లెక్కపెట్టండి. లియోనార్డ్ మన్ అనే అధికారి పర్యవేక్షణలో 1912 నుంచి వేసిన మునిసిపల్ సర్వే పటాలు సంపాదించండి. వాటిలో భవనాలే కాదు, బావులూ తోటలూ కనిపిస్తాయి.