వాగు ఎందుకు పూడుతుంది? జలాశయ నీటిమట్టంపై అపోహలు – వాస్తవాలు

అపోహ: పూడికంతా డ్యాం గోడ దగ్గరే చేరుతుంది.

వాస్తవం: గోడ దాకా వెళ్లేది ఎక్కువగా సన్నని బంకమన్ను. ఇసుక, గులకరాళ్లు వాగు నీరు నిలవ నీటిని తాకిన చోటే దిగబడతాయి. 0.2 మిల్లీమీటర్ల ఇసుక రేణువు నిలవ నీటిలో సెకనుకు సుమారు 2 సెంటీమీటర్లు దిగుతుంది. మూడు మీటర్ల లోతు దిగడానికి రెండున్నర నిమిషాలు చాలు. 2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) బంకమన్ను రేణువు ఒక్క మీటరు దిగడానికే మూడు రోజులు పడుతుంది. అందుకే వాగుకు వరద వచ్చే రోజు జలాశయం నిండుగా ఉంటే ఇసుక వాగులోనే మేట వేస్తుంది. ఆ మేట మీద మరుసటి వరద ఇంకా ఎత్తుగా పారి పొలాల మీదికి ఎక్కుతుంది. మట్టం తక్కువగా ఉంటే అదే ఇసుక జలాశయంలో లోతైన చోటికి జారుతుంది.

అపోహ: తొలి వరదను చుక్క వదలకుండా పట్టుకోవాలి.

వాస్తవం: వేసవిలో ఎండి పొడైన నేలను కడుక్కుంటూ వచ్చే ఆ ఎర్రనీళ్లలోనే మట్టి ఎక్కువ. చైనాలోని త్రీ గోర్జెస్ డ్యాంలో వరద కాలమంతా మట్టాన్ని 145 మీటర్ల దగ్గర ఉంచి బురదనీటిని వదిలేస్తారు. తేట పడ్డాక, సెప్టెంబరు నుంచి 175 మీటర్లకు నింపుతారు. మన దగ్గర వానలు మొహం చాటేస్తాయన్న భయం నిజమైనదే, కాబట్టి జలాశయాన్ని ఖాళీగా పెట్టమనడం లేదు. తొలి రెండు మూడు వరదలకు, వాగు కలిసే చోట అడుగు తేలేంత కిందికి మట్టం ఉంచితే వాగుకు మేలు. పూడిక వల్ల నిలవ సామర్థ్యం ఎంత తగ్గుతుందో చూడాలంటే తుంగభద్ర జలాశయం ఉంది: 1953లో 133 టీఎంసీలు, 2016 సర్వేలో 105.79.

అపోహ: గేట్లు ఎత్తితే పూడిక కొట్టుకుపోతుంది.

వాస్తవం: శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, గేట్ల కింది అంచు ఆనే స్పిల్‌వే క్రెస్ట్ 830. నది అడుగు దానికి చాలా కింద ఉంటుంది. అడుగు తూము తెరిచినా, జలాశయం నిండుగా ఉంటే దాని ముందున్న కొద్దిపాటి గుంటే శుభ్రమవుతుంది. ఎగువ వాగుల్లో మేట కదలదు.

అపోహ: మట్టాన్ని ఎంత త్వరగా దించితే అంత మంచిది.

వాస్తవం: నానిన గట్లలోని నీరు బయటికి వచ్చేలోగా మట్టం పడిపోతే గట్లు విరిగి వాగులోనే పడతాయి. మట్టి గట్లున్న చోట రోజుకు అడుగు దాటకుండా దించండి. డిజైన్‌లో ఇంకా తక్కువ రాసి ఉంటే అదే పాటించండి. బురద ఒక్కసారిగా వదిలితే దిగువన నీటిలో ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి, తాగునీటి పంపులు మూసుకుపోతాయి. ముందుగా కబురు చెప్పి తూములు కొద్దికొద్దిగా తెరవాలి.

ఇంకొకటి: బయటపడ్డ మేట మీద జమ్ము, సర్కారు తుమ్మ నెలల్లోనే వేళ్లూనుతాయి. అవి ఇసుకను పట్టి ఉంచుతాయి కాబట్టి వానలకు ముందే తీసేయాలి. ఏటా మే చివర, ఒకే రాతి గుర్తుల మధ్య వాగు అడ్డకొలత (ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా అడుగు ఎత్తుల కొలత) తీస్తే మేట పెరుగుతోందో తరుగుతోందో తెలుస్తుంది.