ఎస్13కి ఎస్14 సబ్‌ఫ్రేమ్: బోల్టు పడింది సరే, కూర్చుందా?

“అన్నా, నాలుగు పాయింట్లూ కరెక్టుగా పడ్డాయి. నట్లు బిగించేశాం, అలైన్‌మెంట్ కూడా చేయించాం. అయినా యాక్సిలరేటర్ తొక్కగానే వెనక భాగం పక్కకి జరుగుతోంది.”

డల్లాస్ చుట్టుపక్కల పాత కార్ల సస్పెన్షన్ పని చేసే నాకు ఇలాంటి ఫోన్లు తరచూ వస్తాయి. చేసేవాళ్లలో మన తెలుగు కుర్రాళ్లు చాలామంది. ఉద్యోగంలో కుదురుకోగానే ఎన్నాళ్ల నుంచో మనసులో ఉన్న నిస్సాన్ 240ఎస్ఎక్స్ ఒకటి వెతికి పట్టుకుంటారు. ఎక్కువగా ఇక్కడ 1989-94 మోడళ్లుగా అమ్మిన ఎస్13. ఎస్14 దాని తర్వాతి తరం. ముప్పై ఏళ్లు దాటిన బండి కాబట్టి వెనక సబ్‌ఫ్రేమ్‌కి (వెనక సస్పెన్షన్‌నీ, డిఫ్ అనే డిఫరెన్షియల్‌నీ మోస్తూ బాడీ కింద బిగించి ఉండే ఇనుప చట్రం) ఉన్న బుష్‌లు, అంటే రబ్బరు దిండ్లు, చిరిగిపోయి ఉంటాయి. “వాటి జోలికి పోకు, ఎస్14ది మొత్తం ఎక్కించెయ్, బోల్ట్-ఆన్” అని ఎవరో ఒకరు చెబుతారు. అంటే ఏ మార్పూ లేకుండా బోల్టులు బిగిస్తే చాలని. ఆ చివరి మాటే కొంప ముంచుతోంది.

అపోహ: బోల్టు పడిందంటే సబ్‌ఫ్రేమ్ సరిగ్గా కూర్చున్నట్టే.

కాదు. ఎస్13 బాడీ కింద నాలుగు చోట్ల స్టడ్‌లు (బాడీకే అతికి ఉండే మరల కడ్డీలు) వేలాడుతుంటాయి. ఎస్14 సబ్‌ఫ్రేమ్‌ని జాకీ మీద పైకి లేపితే వాటిలోకి చక్కగా ఎక్కుతుంది. ఎక్కడా పట్టదు, సుత్తి అవసరం రాదు. చూసి అందరూ సంబరపడతారు. అంత తేలిగ్గా ఎందుకు ఎక్కిందో మాత్రం ఎవరూ అడగరు. ఎస్13 స్టడ్ సన్నం. ఎస్14 బుష్ లోపలి రంధ్రం దాని సొంత లావు స్టడ్‌కి చేసింది. మధ్యలో చుట్టూ ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని స్లీవ్‌తో (చిన్న గొట్టం లాంటిది) నింపాలి, లేదా ఎస్13 స్టడ్ కొలతకే చేసిన కన్వర్షన్ బుష్ వేయాలి. రెండూ మార్కెట్లో దొరుకుతాయి. మొత్తం పనికి అయ్యే ఖర్చులో ఆ స్లీవ్‌లది చాలా చిన్న వాటా. వాటినే వదిలేస్తున్నారు.

“పెద్ద వాషర్ వేసి గట్టిగా బిగించాం కదా అన్నా” అంటారు. నట్ సబ్‌ఫ్రేమ్‌ని పైకి నొక్కి పట్టుకుంటుంది, ఒప్పుకుంటాను. కానీ పక్కలకి, ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపేది స్టడ్‌కీ రంధ్రానికీ మధ్య ఉండాల్సిన బిగుతు. ఫస్ట్ గేరులో తొక్కినప్పుడు చక్రాలు సబ్‌ఫ్రేమ్‌ని ముందుకి తోస్తాయి. బ్రేకు కొడితే వెనక్కి లాగుతాయి. మలుపులో పక్కకి నెడతాయి. రోజూ ఇంత తోపులాట జరుగుతుంటే ఒట్టి రాపిడి ఎన్నాళ్లు పట్టుకుంటుంది?

లెక్క వేసి చూడండి. ఎడమ వైపు ఒక మిల్లీమీటరు ముందుకి, కుడి వైపు ఒక మిల్లీమీటరు వెనక్కి జరిగిందనుకుందాం. రెండు వైపులకీ మధ్య దూరం సుమారు మీటరు అనుకుంటే, మీటరుకి రెండు మిల్లీమీటర్ల వంకర. వెనక చక్రాలు వంద మీటర్లు పోయేసరికి ఇరవై సెంటీమీటర్లు పక్కకి పోవాలని చూస్తాయి. మీరు స్టీరింగ్ కొంచెం తిప్పి సర్దుతారు. కాలు తీయగానే సబ్‌ఫ్రేమ్ ఇంకో వైపుకి జరుగుతుంది, మీరు సర్దింది తలకిందులవుతుంది. పొడి రోడ్డు మీద ఇది చిరాకు. వానలో హైవే ర్యాంప్ మీద ప్రాణాల మీదికి వస్తుంది.

ఈ మధ్య ఒక కుర్రాడు వచ్చాడు, వరంగల్ వాళ్లబ్బాయి. స్నేహితుడి గరాజ్‌లో సబ్‌ఫ్రేమ్ మార్చుకున్నాడు. తేడాగా ఉందని వేరే షాపులో అలైన్‌మెంట్ చేయించాడు, తర్వాత ఇంకోచోట చేయించాడు. టో ఆర్మ్‌లు (చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణాన్ని, అంటే టోని, సర్దేవి) కొత్తవి కొన్నాడు. వెనక టైర్ల లోపలి అంచులు అరిగిపోతే అవీ మార్చాడు. స్లీవ్‌ల ధరకి ఎన్నో రెట్లు అప్పటికే పోయింది. కారు లిఫ్ట్ ఎక్కించి నట్ల దగ్గర లైటు పెట్టి చూపించాను. వాషర్ అంచు పక్కన పెయింట్ లేచిపోయి, చంద్రవంక ఆకారంలో ఇనుము తళతళా మెరుస్తోంది. తుప్పు చుక్క లేదు. అంటే అక్కడ రోజూ రాపిడి జరుగుతోంది. ప్రై బార్ పెట్టి తోస్తే సబ్‌ఫ్రేమ్ కళ్ల ముందే జరిగింది. ఆ అబ్బాయి మొహం చూస్తే బాధేసింది. తప్పు అతనిది కాదు, ‘బోల్ట్-ఆన్’ అని చెప్పి చేతులు దులుపుకున్నవాళ్లది.

అపోహ: కాస్త వంకర ఉంటే అలైన్‌మెంట్‌లో పోతుంది.

స్క్రీన్ మీద అంకెలు పచ్చగా కనిపిస్తాయి, అంతే. ఒక వైపు టో కొంచెం లోపలికి, రెండో వైపు కొంచెం బయటికి తిప్పితే యంత్రం ఊరుకుంటుంది. సబ్‌ఫ్రేమ్ మాత్రం వంకరగానే, వదులుగానే ఉంటుంది. ముందు సబ్‌ఫ్రేమ్‌ని బాడీకి వంకర లేకుండా పెట్టాలి, ఆ తర్వాతే టో, కాంబర్ (చక్రం నిలువులో ఒరిగే కోణం).

దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో. మా మేనమామ లారీ వెనక యాక్సిల్ నేరుగా ఉందో లేదో నూలు పట్టి చూసేవాడు. ఛాసిస్ మీద రెండు వైపులా ఒకేలా ఉన్న పాయింట్లు చూసుకుని, గుండు వేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టి, ఐమూలగా కొలిచేవాడు. రెండు ఐమూలలూ కలవకపోతే డ్రైవర్ ఎంత తొందరపెట్టినా బండి వదిలేవాడు కాదు. 240ఎస్ఎక్స్‌కీ అదే పద్ధతి. బాడీ కింద రెండు వైపులా ఒకేలా ఉండే రంధ్రాలుంటాయి. ఎడమ ముందు రంధ్రం నుంచి కుడి లోయర్ ఆర్మ్ బోల్టుకి, కుడి ముందు నుంచి ఎడమ బోల్టుకి కొలవండి. పాతది విప్పకముందే ఒకసారి కొలిచి రాసిపెట్టుకోండి. బాడీ ఎప్పుడైనా దెబ్బ తిని ఉంటే అది కూడా అక్కడే బయటపడుతుంది.

అపోహ: లిఫ్ట్ మీదే అన్నీ బిగించేయొచ్చు.

సబ్‌ఫ్రేమ్ నట్లు బిగించొచ్చు. రబ్బరు బుష్‌లున్న ఆర్మ్‌ల బోల్టులు మాత్రం అలా బిగించకూడదు. చక్రాలు కిందికి వేలాడుతున్నప్పుడు బిగిస్తే బుష్ ఆ స్థితిలోనే పట్టేస్తుంది. కారు నేల మీదికి దిగగానే రబ్బరు మెలిపడి, రోజంతా అలాగే ఉంటుంది. కొత్త బుష్‌లు కూడా తొందరగా చిరుగుతాయి. ముందు వదులుగా పెట్టి, చక్రాల మీద బరువు పడ్డాక, సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఎస్14 వీల్‌బేస్ 2525 మిల్లీమీటర్లు, ఎస్13ది 2475, కాబట్టి చక్రం వెనక్కి పోయి దాని పైనున్న ఫెండర్ ఆర్చ్‌కి తగులుతుందని భయపడతారు. పోదు. సబ్‌ఫ్రేమ్ మీ బాడీ పాయింట్లకే కదా ఎక్కేది. సాలిడ్ అల్యూమినియం బుష్‌లు వేస్తే బాడీ చీలిపోతుందన్నది ఒట్టి పుకారు. డిఫ్ గోల లోపలికి బాగా వినిపిస్తుంది, అది మాత్రం నిజం. రోజూ ఆఫీసుకి నడిపే కారైతే ఆలోచించుకోండి. ఎస్14 సబ్‌ఫ్రేమ్ వేస్తే కారు వేగం పెరగదు. అందులో యాంటీ-స్క్వాట్ (తొక్కినప్పుడు వెనక భాగం కుంగకుండా ఆపే గుణం) తక్కువ, అందుకే తొక్కినప్పుడు వెనక భాగం ఇంకొంచెం కూర్చుని టైరుకి పట్టు దొరుకుతుంది. అంతవరకే. హైకాస్ (వెనక చక్రాల్ని కూడా తిప్పే స్టీరింగ్ ఏర్పాటు) ఉన్న కారైతే దాన్ని ఏం చేయాలో ముందే తేల్చుకోండి, సగం విప్పాక కాదు.

టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. గేరు మార్చినప్పుడు వెనక నుంచి ‘టక్’మని వినిపిస్తే కారు రెండు ముక్కలైపోదు. చాలాసార్లు అది పాత సబ్‌ఫ్రేమ్ బుష్ లేదా డిఫ్ బుష్ చప్పుడు. ఉన్న సబ్‌ఫ్రేమ్‌కే బుష్‌లు మార్చుకుంటే పోతుంది, మొత్తం మార్చాల్సిన పనే ఉండదు. మౌంట్ చుట్టూ తుప్పు పొక్కులు కట్టి, స్క్రూడ్రైవర్ గుచ్చితే లోపలికి దిగితే మాత్రం కారు పక్కన పెట్టి ముందు వెల్డింగ్ సంగతి చూడండి. ఉత్తరాది మంచు రాష్ట్రాల నుంచి కొన్న కార్లకి ఇది తప్పనిసరిగా చూడాలి, అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. 2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో సొంత కార్లకి ఏటా జరిగే సేఫ్టీ తనిఖీ కూడా ఎత్తేశారు. ఇప్పుడు మీ కారు కిందికి ఎవరూ తొంగిచూడరు. మీరే చూసుకోవాలి.

ఇంట్లో చేసుకునేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోండి. డిఫ్‌తో సహా సబ్‌ఫ్రేమ్ దించితే వెనక బరువు ఒక్కసారిగా పోతుంది. టూ-పోస్ట్ లిఫ్ట్ మీదున్న కారు ఇంజిన్ వైపుకి ఒరగడానికి చూస్తుంది. నట్లు ముట్టుకోకముందే ముందు భాగం కింద పొడవాటి స్టాండ్ పెట్టండి. స్టడ్‌లకి తుప్పు తినే నూనె ముందురోజే కొట్టి వదిలేయండి. పట్టేసిన నట్‌ని ఇంపాక్ట్ గన్‌తో బలవంతం చేస్తే స్టడ్ తెగి చేతికొస్తుంది. బాడీలోంచి దాన్ని తీసి కొత్తది వెల్డ్ చేయాలంటే రెండు రోజుల పని, మంచి వెల్డర్ దొరికితే.