డిస్నీ సీఈఓ దిగిపోతే మిగిలేదేమిటి: అపోహలు - వాస్తవాలు

ఏళ్లపాటు డిస్నీ సీఈఓగా ఉన్న బాబ్ ఇగర్ కాంట్రాక్టు ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ అవే రెండు ప్రశ్నలు. అమెరికాలో ఉన్న మనవాళ్లు "ఇగర్ పోతే షేరు పడుతుందా, ఇప్పుడే అమ్మేయమంటారా?" అనేవారు. హైదరాబాద్ వీఎఫ్ఎక్స్, యానిమేషన్ స్టూడియోల పిల్లలేమో "పని ఆగిపోతుందా అండీ?" అని అడిగేవారు. కష్టపడి దాచుకున్న డబ్బు, నెల జీతం. భయపడటంలో తప్పేం లేదు. కానీ ఆ భయాన్ని పెంచుతున్న అపోహ ఒకటుంది. ఎక్కువ నష్టం దానివల్లే కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

అపోహ: సీఈఓ కుర్చీలో ఉన్న ఏళ్ల లాభనష్టాలన్నీ ఆయన ఘనతే, ఆయన తప్పే.

వినోద కంపెనీలో చూడాల్సింది సంతకం తేదీ. మామిడి తోట నాటినవాళ్లొకరు, కాపు కోసేవాళ్లొకరు. పెద్ద యానిమేషన్ సినిమా కథ ఓకే అయిన రోజు నుంచి థియేటర్‌కి రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. అంటే కొత్త సీఈఓ మొదటి రెండు మూడేళ్లలో విడుదలయ్యే పెద్ద సినిమాలు చాలావరకు పాతాయన ఒప్పుకున్నవే.

ఇగర్ తర్వాత బాబ్ చాపెక్ 2020 ఫిబ్రవరి 25న సీఈఓ అయ్యారు, 2022 నవంబరు 20న బోర్డు ఆయన్ని పంపేసి ఇగర్‌నే మళ్లీ తెచ్చింది. పంపడానికి కొద్ది రోజుల ముందే, జూలై-సెప్టెంబరు మూడు నెలలకు స్ట్రీమింగ్‌లో 147 కోట్ల డాలర్ల నష్టం చూపించారు. అందరూ ఆయన మీద పడ్డారు. కానీ ఆ పందెం కాసింది ఇగర్. స్ట్రీమింగ్ టెక్నాలజీ కంపెనీ బామ్‌టెక్‌లో 2016లో 100 కోట్ల డాలర్లకు మూడో వంతు, 2017లో 158 కోట్లకు ఇంకో 42 శాతం కొన్నది ఆయనే. 2019 నవంబరు 12న డిస్నీ ప్లస్ మొదలుపెట్టిందీ ఆయనే. 2024 ఆర్థిక సంవత్సరం దాకా లాభం రాదని మొదట్లోనే చెప్పారు కూడా. 2024 ఏప్రిల్-జూన్‌లో స్ట్రీమింగ్ మొత్తం మీద తొలిసారి 4.7 కోట్ల డాలర్ల లాభం కనబడేసరికి కుర్చీలో మళ్లీ ఇగరే ఉన్నారు. నష్టం ఒకరి పద్దులో, లాభం ఇంకొకరి పద్దులో పడ్డాయి. అలాగని చాపెక్‌ని పూర్తిగా వెనకేసుకు రానక్కర్లేదు. 6-9 కోట్లుగా ఉన్న చందాదార్ల లక్ష్యాన్ని 2020 డిసెంబరులో 23-26 కోట్లకు పెంచింది ఆయన హయాంలోనే.

కొనుగోళ్ల దగ్గర ఈ ఆలస్యం ఇంకా ఎక్కువ. ఇగర్ కొన్నవాటిల్లో పిక్సర్ 740 కోట్ల డాలర్లు, మార్వెల్ దాదాపు 400 కోట్లు, లూకాస్‌ఫిల్మ్ 405 కోట్లు. ఫాక్స్ ఒక్కటే ఈ మూడింటి మొత్తానికి నాలుగున్నర రెట్లు. 2017 డిసెంబరులో 5,240 కోట్లకు మాట కుదిరింది. అమెరికా కేబుల్ టీవీ కంపెనీ కామ్‌కాస్ట్ పోటీకొచ్చి 6,500 కోట్లు అనడంతో డిస్నీ 7,130 కోట్లకు వెళ్లింది. 2018 సెప్టెంబరు చివర డిస్నీ అప్పు 2,087 కోట్ల డాలర్లు, ఏడాది తిరిగేసరికి 4,699 కోట్లు. గుడ్‌విల్, అంటే కొన్న కంపెనీ ఆస్తుల విలువకు మించి కట్టిన ధర, 3,100 కోట్ల నుంచి 8,000 కోట్లు దాటింది.

అసలు చిక్కంతా ఈ గుడ్‌విల్‌తోనే. దాన్ని ఏటా కొంత చొప్పున తరగదీయరు. ఏడాదికోసారి పరీక్షించి, విలువ పడిపోయిందని తేలితేనే ఆ మేరకు నష్టంగా రాసి కొట్టేస్తారు. కాబట్టి ఎక్కువ ధర పెట్టి కొన్న రోజున లాభనష్టాల పట్టికలో ఏమీ కనబడదు. ఏళ్ల తర్వాత, అప్పుడెవరు సీఈఓ అయితే వాళ్ల నెత్తిన పడుతుంది. 2024 జనవరి-మార్చిలో స్టార్ ఇండియా, మామూలు టీవీ ఛానళ్ల మీద 200 కోట్ల డాలర్లకు పైగా ఇలాగే కొట్టేశారు. స్ట్రీమింగ్ సర్వీసు హులూ సంగతీ ఇంతే. అందులో కామ్‌కాస్ట్‌కున్న వాటాను తర్వాత కొంటామని, కంపెనీకి కనీసం 2,750 కోట్ల డాలర్ల విలువ కడతామని ఒప్పుకున్నది 2019 మేలో. 861 కోట్ల డాలర్లు చెల్లించింది 2023 డిసెంబరులో.

సినిమా ఖర్చుది మరో లెక్క. నిర్మాణానికి 20 కోట్ల డాలర్లయితే విడుదల రోజునే మొత్తం ఖర్చు రాయరు. పదేళ్లలో 50 కోట్లు వస్తాయని అంచనా వేసి, ఈ ఏడాది 25 కోట్లు వస్తే సగం ఖర్చు, అంటే 10 కోట్లు ఇప్పుడు రాస్తారు. పబ్లిసిటీ ఖర్చు మాత్రం ఎప్పటికప్పుడే. సినిమా పోయి అంచనా కూలితే మిగిలినదాంట్లో పెద్ద ముక్క ఒక్కసారే కొట్టేయాలి. కొత్తగా వచ్చినవాళ్లకు ఇదో అవకాశం: మొదటి ఏడాదే పాత సరుకంతా కొట్టేస్తే తర్వాతి ఏళ్లు తేలిగ్గా కనిపిస్తాయి. ఇగర్ తిరిగొచ్చాక 2023లో స్ట్రీమింగ్ నుంచి కొన్ని షోలు తీసేసి 150 కోట్ల డాలర్లు కొట్టేశారు.

మరి ఏం చూడాలి? కంపెనీ ఏటా దాఖలు చేసే నివేదిక 10-కే తెరవండి. ముందు గుడ్‌విల్ నోటు, అప్పుల నోటు మూడేళ్లవి పక్కపక్కన పెట్టుకోండి. తర్వాత కంటెంట్ ఖర్చుల నోట్‌లో విడుదలైనవి, పూర్తయి విడుదల కానివి, తయారీలో ఉన్నవి, ఇంకా కథ దశలో ఉన్నవి విడివిడిగా ఉంటాయి. మొదటి మూడూ దిగిపోతున్నాయన వారసత్వం. కథ దశలోవే కొత్తవాళ్ల చేతిలో పడేవి. చివర్లో స్పోర్ట్స్ హక్కుల బాకీలు ఏయే ఏడాదికి ఎంతో చూడండి, అవి సీఈఓ మారినా మారవు. డిస్నీ ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు చివర ముగుస్తుందని గుర్తుంచుకోండి. చాలామంది క్యాలెండర్ ఏడాదితో కలిపేసి తప్పు లెక్క వేస్తారు.

అపోహ: వారసుడు విఫలమైతే వెళ్లినాయన గొప్పతనం రుజువైనట్టే.

వారసుణ్ణి తయారుచేయడం కూడా ఆయన పనే. ఇగర్‌కు ముందు సీఈఓ మైఖేల్ ఐస్నర్. ఆయన తర్వాతి స్థానంలో ఉన్న ఫ్రాంక్ వెల్స్ 1994 ఏప్రిల్‌లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయాక ఆ జోడీకి సాటి మళ్లీ దొరకలేదు. 2004లో వాటాదార్ల సమావేశంలో 43 శాతం ఓట్లు ఐస్నర్‌కి దక్కకుండా పోయాయి. ఇగర్ కూడా రిటైర్మెంట్‌ను పలుమార్లు వాయిదా వేసి, చాపెక్‌ను కూర్చోబెట్టాక 2021 చివరి దాకా ఎగ్జిక్యూటివ్ చైర్మన్‌గా పక్కనే ఉన్నారు. ఒక ఇంట్లో ఇద్దరు పెద్దలైతే ఏమవుతుందో అదే అయింది.

అపోహ: హాట్‌స్టార్‌ను ఇగర్ ముంచారు.

స్టార్, దాంతోపాటు స్టార్ మా, డిస్నీకి వచ్చింది ఫాక్స్ కొనుగోలుతో, అంటే ఇగర్ సంతకంతోనే. కానీ 2022 జూన్‌లో ఐపీఎల్ టీవీ హక్కులు 23,575 కోట్ల రూపాయలకు నిలుపుకుని డిజిటల్ హక్కులు రిలయన్స్ చేతిలోని వయాకామ్18కి వదిలేసింది చాపెక్ హయాంలో. ఆ అక్టోబరుకి 6.13 కోట్లున్న చందాదార్లు ఏడాదిలో 3.76 కోట్లకు పడిపోయారు. రిలయన్స్‌తో విలీనానికి 2024 ఫిబ్రవరిలో సంతకం చేసింది ఇగర్. ఆ నవంబరులో పూర్తయ్యాక డిస్నీకి మిగిలింది 36.84 శాతం. ఒక్కరి మీదకే తోసేయడం కుదరదు.

వీఎఫ్ఎక్స్ పిల్లల ప్రశ్నకి: మీ కాంట్రాక్టు షో వారీగా ఉంటుంది. షూటింగ్ అయిన సినిమా షాట్లు సీఈఓ మారాడని ఆపరు. ఇంకా గ్రీన్‌లైట్ (తీయడానికి అనుమతి) రాని షోల మీద నమ్మకం పెట్టుకుని మనుషుల్ని తీసుకున్న స్టూడియో అయితే మాత్రం జాగ్రత్తపడండి. తర్వాతి ఆరు నెలలకు సంతకమైన షోలు ఏవో మీ ప్రొడక్షన్ మేనేజర్నే అడగండి.

ఇక "యాపిల్ డిస్నీని కొనేస్తోంది" అనే ఫార్వర్డ్. ఏళ్లుగా తిరుగుతూనే ఉంది, దయచేసి నాకు పంపకండి. సీఈఓ మార్పు లాంటిదైతే నాలుగు పనిదినాల్లో 8-కే (ముఖ్య పరిణామాల నివేదిక) దాఖలు చేయాలి, అందులో ఐటెమ్ 5.02 కింద ఉంటుంది. కంపెనీని కొనే ఒప్పందం కుదిరినా 8-కే రావాల్సిందే. అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వాళ్ల ఎడ్గార్ వెబ్‌సైట్‌లో డీఐఎస్ (డిస్నీ షేరు కోడ్) అని కొడితే అన్నీ ఉచితంగా కనబడతాయి.