బిచ్చమెత్తే పిల్లలు: అపోహలు – వాస్తవాలు

బాలల సంరక్షణ పనిలో ఉన్నానని తెలియగానే నెల్లూరులో నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "వాళ్ల వెనక ఏ ముఠా ఉందండీ?" అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: అడుక్కునే పిల్లలంతా ఎత్తుకొచ్చినవాళ్లే.

వాస్తవం: అలాంటి నేరాలు లేవని కాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 76వ సెక్షన్ ప్రకారం పిల్లలతో భిక్షాటన చేయిస్తే ఐదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా. అందుకోసం కాలో చెయ్యో తీసేస్తే ఏడు నుంచి పదేళ్ల శిక్ష. కానీ మద్రాసు బస్టాండులో, రంగనాథస్వామి గుడి దగ్గర మాకు ఎదురయ్యే పిల్లల్లో ఎక్కువమంది పక్కన ఉండేది కన్నతల్లి, లేదా అమ్మమ్మ. ముఠా కథ నమ్మడం మనకు సుఖం, తప్పంతా ఎవరో కనిపించని దుర్మార్గుడిది అయిపోతుంది. ఆ నమ్మకం ఎంత దూరం పోతుందో 2018 వేసవిలో చూశాం. పిల్లలను ఎత్తుకుపోతున్నారంటూ వాట్సాప్‌లో తిరిగిన వదంతులకు తెలుగు రాష్ట్రాల్లో బిచ్చగాళ్లు, దారిన పోయే అపరిచితులు దెబ్బలు తిన్నారు.

అపోహ: ఆ తల్లిదండ్రులకు ఒళ్లు వంగదు.

వాస్తవం: ఒళ్లు వంచే పని ఏడాది పొడవునా దొరకదు. కనిగిరి, మార్కాపురం వైపు వానలు మొహం చాటేస్తే కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని వలసపోతాయి. నెల్లూరు వైపు కథ తలకిందులు. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పడితే ఇటుక బట్టీలు, తాపీ పనులు ఆగిపోతాయి. అప్పుడు పెద్దవాళ్లు చెయ్యి చాపితే రాని చిల్లర చంకలో బిడ్డ ఉంటే వస్తుంది. ఈ లెక్క ఆ ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. పదేళ్లు దాటేసరికి చూసేవాళ్లకు జాలి తగ్గుతుంది, వసూలూ తగ్గుతుంది. ఇక చెల్లెలిని ఎత్తుకుని తిరగాలి, లేదా చిత్తు కాగితాల సంచి భుజాన వేసుకోవాలి. ఈలోగా బడిలో పేరున్నా శుక్రవారం దర్గాకు, శనివారం గుడికి పోవాల్సిందే. రొట్టెల పండుగ వస్తే స్వర్ణాల చెరువు దగ్గరే రోజుల తరబడి.

అపోహ: డబ్బు ఇవ్వకుండా బిస్కెట్ ప్యాకెట్ ఇస్తే మేలు.

వాస్తవం: ఆకలిగొన్న పిల్లకు తిండి పెట్టవద్దని నేను అనను. అయితే ప్యాకెట్ దొరికిన చోటే రేపు కూడా నిలబడుతుంది.

అపోహ: ఆధార్, టీసీ లేకపోతే బడిలో చేర్చుకోరు.

వాస్తవం: 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో వెనక్కి పంపకూడదు. ఎన్నడూ బడికి పోని పిల్లనైనా వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. కొన్నిచోట్ల ఇంకా కాగితాలు అడుగుతూనే ఉన్నారు. అలాంటప్పుడు మేము సెక్షన్ 14 పేరు ఎత్తుతాం, చాలావరకు పని అవుతుంది.

అపోహ: పట్టుకెళ్లి పిల్లల హోంలో చేరిస్తే సమస్య తీరినట్టే.

వాస్తవం: అడుక్కుంటూ దొరికిన పిల్లను బాలల న్యాయ చట్టం నేరస్థురాలిగా చూడదు, సంరక్షణ అవసరమైన బిడ్డగా చూస్తుంది. 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. అన్ని దారులూ మూసుకుపోయాకే హోం. కుటుంబం బాగుంటే బిడ్డ ఇంటికే వెళ్తుంది. అలా ఇంట్లోనే ఉంచి చదివించడానికి కేంద్రం బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు మించకూడదు. చిక్కల్లా ఆ ఆదాయానికి కాగితం పుట్టించడంలోనే. చిరునామా లేని తల్లి చేత అది తెప్పించడమే మా పనిలో ఎక్కువ రోజులు తినేస్తుంది.

అపోహ: ఫొటో తీసి గ్రూపుల్లో పెడితే ఎవరో ఒకరు స్పందిస్తారు.

వాస్తవం: పిల్లల గుర్తింపు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఫొటో మానేసి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయండి. చోటు, సమయం, సుమారు వయసు, వెంట ఉన్నది ఎవరు అన్నవి చెప్పండి. రైల్లో కనిపిస్తే రైల్వే హెల్ప్‌లైన్ 139కి పెట్టె నంబరుతో పాటు రాబోయే స్టేషను కూడా చెప్పాలి, గూడూరో, కావలో, ఒంగోలో.